ఉప్పునీటి తొట్టెలో నాచుతోట

ఉప్పునీటి అక్వేరియం కథ రాసేవాళ్లు ఎక్కువగా ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్తతో మొదలుపెడతారు. పుస్తకాలు ఆయన రాశాడు, పేరు ఆయనకొచ్చింది. నాకు మాత్రం ఈ కథ ఒక పనిపిల్లతో మొదలుపెట్టాలని ఉంటుంది. ఆ పిల్ల పేరు ఎవరూ రాసిపెట్టలేదు. 1846లో లండన్‌లో, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీని ఆనుకుని ఉన్న ఒక పెద్దింట్లో, తెరిచిన కిటికీ ముందు నిలబడి సముద్రపు నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. మనం వేడి పాలు తిరగబోసినట్టే. పాలు చల్లారాలని మనం పోస్తాం, నీళ్లకు గాలి పట్టాలని అక్కడ పోయించేవారు.

పోయించిన ఇల్లాలు ఆనా థిన్. భర్త లార్డ్ జాన్ థిన్ ఆబీలో మతాధికారి. ఆ ఏడు ఆవిడ డెవన్ తీరంలోని టోర్కీ వెళ్లింది. అక్కడ రాళ్లను పట్టుకుని బతికే చిన్న చిన్న రాతి పగడాలను చూసి మనసు పారేసుకుంది. వాటిని స్పాంజి ముక్కకు సూదీదారంతో కుట్టి, జాడీలో సముద్రపు నీళ్లు నింపి, అందులో పెట్టి లండన్ తెచ్చుకుంది. లండన్ నడిబొడ్డున రోజూ కొత్త సముద్రపు నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఉన్న నీళ్లనే తిరగబోయించడం. ఆ పిల్లకు ఇదొక సరదాగా ఉండేదని ఆవిడ తర్వాత రాసుకుంది. పిల్లనడిగితే ఏం చెప్పేదో!

మరుసటి ఏడు, 1847 వసంతంలో, ఆనా థిన్‌కు ఒక ఆలోచన వచ్చింది. జంతువులకు కావలసిన గాలిని మొక్కల చేతే ఇప్పించకూడదా? బతికున్న నాచు అంటుకుని ఉన్న రాళ్లు, గవ్వలు సముద్రతీరం నుంచి తెప్పించి తొట్టెలో వేసింది. ఆవిడ జీవులు దాదాపు మూడేళ్లు బతికాయి. నాచునూ జంతువులనూ ఒకదానికొకటి ఆసరాగా ఉప్పునీళ్లలో నిలిపిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఆవిడ పరిశీలనలు అచ్చయింది మాత్రం 1859లో, అదీ గాస్ పూనికతో. అప్పటికి ఆయన అక్వేరియం పుస్తకం వచ్చి అయిదేళ్లయింది. సొమ్మొకరిది సోకొకరిది అని పూర్తిగా అనలేను గానీ, వరస మాత్రం తప్పింది.

నేను డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. శైవలాల పాఠం ఎప్పుడూ నా వంతుకే వచ్చేది, తక్కినవాళ్లకు అది విసుగు. ఉద్యోగ విరమణ తర్వాత హాల్లో ఒక ఉప్పునీటి తొట్టె పెట్టి చేపలకంటే నాచులనే ఎక్కువగా పెంచుతున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొదట్లో ఒకసారి తొట్టెవైపు జాలిగా చూసి, "అమ్మా, ఇదంతా పాచట్టేసింది, తోమీమంటారా?" అంది. ఇప్పటికీ బంధువుల్లో సగం మంది అభిప్రాయం అదే. వాళ్ల తప్పేమీ లేదు. అక్వేరియం పెంచేవాళ్లే వందేళ్లకు పైగా ఆ మాటే అన్నారు. తొట్టెను నిలబెట్టిన నాచును తొట్టెకు శత్రువని తోమేశారు. ఆ కథే చెప్పబోతున్నాను.

వెలుతురు తగిలితేనే ఆకుపచ్చని మొక్క ప్రాణవాయువు వదులుతుందని యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే చూపించాడు. కానీ దాన్ని గాజుతొట్టెకు అన్వయించడానికి చాలా కాలం పట్టింది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో మంచినీళ్ల తొట్టెలో రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్కలు పెట్టాడు. వాలిస్నేరియా మన చెరువుల్లో కూడా ఉంటుంది, రిబ్బన్ లాంటి ఆకులు. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు మురిగాయి. కుళ్లిన ఆకు తినడానికి నత్తలను వదిలాడు, నీళ్లు తేటపడ్డాయి. చేప వదిలింది మొక్కకు, మొక్క వదిలింది చేపకు, మిగిలింది నత్తకు. ఈ లెక్కను 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. తర్వాత ఇదే లెక్క ఉప్పునీళ్లలో వేసి చూశాడు. అక్కడ వాలిస్నేరియా బతకదు, నాచే దిక్కు.

ఇక్కడ గాస్ వస్తాడు. 1852లో ఆరోగ్యం బాగాలేక లండన్ వదిలి డెవన్ తీరానికి వెళ్లాడు. అక్కడి రాళ్ల మడుగుల్లో మోకాలిలోతు నీళ్లలో దిగి పనిచేసేవాడు. సుత్తి, ఉలి ఆయన పనిముట్లు. నాచు కోసం ఉలి ఎందుకంటారా? నాచుకు వేళ్లుండవు. రాయిని పట్టుకోవడానికి అడుగున చిన్న పట్టు ఉంటుంది, అంతే. అది తిండి పీల్చదు, ఒళ్లంతా కలిసి నీళ్లలోంచి పీల్చుకుంటుంది. ఆ పట్టును గోటితో పీకితే చిరుగుతుంది, చిరిగినచోట కుళ్లు మొదలవుతుంది. మట్టిలో పాతిపెడదామంటే అది గరిక కాదు. అందుకని గాస్ నాచు కింద రాయినే చెక్కు చెక్కుగా లేపి, నాచుతో సహా తొట్టెలోకి దింపేవాడు. విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద ఉల్వా అనే పచ్చ నాచును లాగి చూసిన ఏ విద్యార్థికైనా ఆ ఉలి విలువ తెలుస్తుంది. ఆకు చేతికొస్తుంది, పట్టు రాయి మీదే ఉండిపోతుంది.

1853 మే నెలలో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం తొలి అక్వేరియం తెరిచారు. అందులోకి గాస్ డెవన్ నుంచి జీవులను పంపాడు. 1854లో రంగుల బొమ్మలతో 'ది అక్వేరియం' అచ్చయింది. అదే ఏడు ఆయన ఇంకో పని చేశాడు, నా దృష్టిలో పుస్తకం కంటే పెద్దది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం ఇంట్లోనే ఉప్పునీళ్లు కలిపే పాళ్లు ప్రకటించాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ లవణం, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు, మంచినీళ్లు. ఆ నీళ్లలో జంతువులను వెంటనే వదల్లేదు. ముందు ఉల్వా, ఎంటెరోమార్ఫా నాచులు పట్టిన రాళ్లు వేసి, వారం ఆగి, ఆ తర్వాతే వదిలాడు. ఈనాడు కొత్త తొట్టె పెట్టేవాళ్లకు దుకాణాలవాళ్లు "నీళ్లు పండనివ్వండి, తొందరపడకండి" అని చెప్పే మాట వెనక ఈ వారం రోజుల ఓపికే ఉంది.

ఏ నాచు వెయ్యాలన్నది తేలడానికి చాలా నష్టాలు జరిగాయి. ఎర్ర నాచుల మీద అందరికీ మోజు. డెలెసీరియా అనేది ఒకటుంది, గులాబి రంగు ఆకు, మధ్యలో ఈనె, అంచులు ముడతలు. పుస్తకంలో బొమ్మ చూస్తే ఎవరైనా అదే కావాలంటారు. దాన్ని తెచ్చి డ్రాయింగు రూమ్ కిటికీలో పెట్టేవారు. రంగు వెలిసి, నారింజ, ఆపైన తెలుపు తిరిగి కరిగిపోయేది. కారణం ఇప్పుడు ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. ఎర్ర నాచుల్లో చాలా వాటికి నీడపట్టు కావాలి, లోతు నీళ్లలోకి దిగే మసక నీలి వెలుతురును పట్టుకోవడానికే వాటిలో ఆ ఎర్ర రంగు పదార్థం ఉంది. ఆటుపోట్ల మధ్య బతికే పచ్చ నాచులది వేరే బతుకు. నీళ్లు వెనక్కిపోతే ఎండలో మాడతాయి, వాన పడితే మంచినీళ్లలో నానతాయి, మళ్లీ అల వస్తే లేచి నిలబడతాయి. తొట్టెలో వేడెక్కి చల్లారే నీళ్లకు అవే తట్టుకుంటాయి. అందం ఎర్రవాటిది, ఓర్పు పచ్చవాటిది. తొట్టెలు పెట్టినవాళ్లు అందాన్ని కొనుక్కుని ఓర్పును పారేశారు.

బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు, రైళ్లు సముద్రతీరాల దాకా వచ్చాయి. 1850లలో మధ్యతరగతి ఇళ్లలో అక్వేరియం ఒక పిచ్చిగా పాకింది. నాచుల మోజు అంతకుముందు నుంచే ఉంది. ఆనా ఆట్కిన్స్ 1843లో బ్రిటిష్ నాచులను నీలిరంగు ఛాయాచిత్రాలుగా తీసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. టోర్కీలో అమీలియా గ్రిఫిత్స్ అనే ఆవిడ ఏరిన నాచులు అంత విలువైనవి కాబట్టే గ్రిఫిత్సియా అనే ప్రజాతికి ఆవిడ పేరు పెట్టారు. మార్గరెట్ గాటీ 'బ్రిటిష్ సీ వీడ్స్' 1863లో వచ్చింది. అప్పట్లో శాస్త్ర సంఘాల్లో ఆడవాళ్లకు చోటు తక్కువ. నాచు ఏరడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక బుట్టా మంచి బూట్లూ చాలు. నా సొంత అభిప్రాయం ఏమిటంటే, ఆ బుట్టల వల్ల నాచుల శాస్త్రానికి ఒరిగినంత మేలు చాలా సభల వల్ల ఒరగలేదు.

మేలుతోపాటు కీడూ జరిగింది. గాస్ పుస్తకాలు చదివినవాళ్లు సుత్తులూ ఉలులూ పట్టుకుని డెవన్ తీరానికి దండెత్తారు. ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో రాసిన 'ఫాదర్ అండ్ సన్'లో, తన చిన్నప్పుడు పూలతోటల్లా ఉన్న ఆ మడుగులు ఎలా బోసిపోయాయో, దానికి తన తండ్రి పుస్తకాలే ఎలా కారణమయ్యాయో బాధపడుతూ రాశాడు. ఇంత ఊడ్చుకెళ్లినవాళ్ల ఇళ్లలో తొట్టెలైనా నిలిచాయా అంటే, ఎక్కువ నిలవలేదు. కిటికీ ఎండకు నీళ్లు పచ్చబడేవి, వేసవిలో వేడెక్కేవి, ఒక జీవి చస్తే దాని కుళ్లు తక్కినవాటిని చంపేది. 1860లు వచ్చేసరికి మోజు తీరింది.

ఆ దశలో నాచును పక్కకు నెట్టిన మనిషి విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో సముద్ర జీవులు, నాచులు, సముద్రపు నీళ్లు అమ్మిన వ్యాపారి. వ్యాపారం దివాలా తీసింది గానీ మనిషి గట్టివాడు, హాంబర్గ్‌లో, తర్వాత 1871లో క్రిస్టల్ పాలెస్‌లో పెద్ద అక్వేరియంలు కట్టించాడు. ఆయన సూత్రం సూటిగా ఉంటుంది. చూపే తొట్టెలకంటే ఎన్నోరెట్లు పెద్ద చీకటి తొట్టి నేల కింద పెట్టు, పంపుతో నీళ్లను రాత్రింబగళ్లు తిప్పుతూ ఉండు, చీకట్లో నీళ్లు తేటగా ఉంటాయి, తిరగడంలో గాలి పట్టుకుంటుంది. నాచు ప్రత్యేకంగా నాటనక్కర్లేదు, నీళ్లలో ఉన్న బీజాల నుంచి అదే మొలుస్తుంది. ఆయన చెప్పింది నిజమే. ఆనా థిన్ ఇంటి పనిపిల్ల పనిని ఇప్పుడు ఆవిరి యంత్రం చేస్తోంది. దాంతో నాచు ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు ఈ కథలో చెప్పుకోదగ్గది తక్కువ. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశకాల ఉప్పునీటి తొట్టెల ఫొటోలు చూస్తే ఆస్పత్రి వార్డు గుర్తొస్తుంది. తెల్లగా ఎండిన పగడపు కొమ్మలు, వాటి మధ్య రంగు చేపలు. కొమ్మల మీద పచ్చదనం కనిపిస్తే తీసి బ్లీచింగు నీళ్లలో ముంచి మళ్లీ తెల్లగా చేసి పెట్టేవారు. చేపలకు మచ్చల జబ్బు వస్తే రాగి మందు పోసేవారు, మన రైతులు తెగుళ్లకు కొట్టే మైలుతుత్తం. మైలుతుత్తం పడిన నీళ్లలో నాచు బతకదు, పగడమూ బతకదు. చేపను కాపాడడానికి మిగతా సముద్రాన్నంతా చంపిన కాలం అది.

ఎదురు దారి చూపినవాడు జకార్తాలో ఉన్న లీ చిన్ ఎంగ్. ఆయనకు సముద్రం దగ్గర, ఎండ దండిగా, యంత్రాలు తక్కువ. పగడపు దిబ్బ నుంచి పురుగూ పుట్రా నాచూ అన్నీ పట్టుకుని ఉన్న రాళ్లు తెచ్చి, సన్నగా గాలిబుడగలు వదిలి, ఎండ తగిలేలా పెట్టాడు. 1961లో ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో ఆ పద్ధతి అచ్చయింది. నమ్మినవాళ్లు కొద్దిమందే. చలిదేశాల్లో ఆ ఎండ ఎక్కడిది?

ఎండ కొరతను కరెంటు దీపం తీర్చింది. 1970లలో జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో పీటర్ విల్కెన్స్ వంటివాళ్లు వెన్నెముక లేని సముద్ర జీవులను దీపాల కింద పెంచడం నేర్పారు. ఆ తొట్టెల్లో బాగా పెరిగిన పచ్చదనం కాలర్పా. తొట్టె వెనక గోడంతా కాలర్పా అడవి, ముందు చేపలు. డెలెసీరియా లాగా దీనికి అలకలు లేవు, చెప్పుచేతల్లో ఉంటుంది. ఉన్నట్టు కనిపిస్తుంది అనాలి.

కాలర్పాను పాఠం చెప్పేటప్పుడు క్లాసు నిద్రలేచేది. ఎందుకంటే అది ఒకే కణం. నేల మీద పాకే తీగ, పైకి లేచే ఈకల్లాంటి ఆకులు, కిందికి దిగే దారాలు, మొత్తం కలిపి ఒకే కణం, లోపల గోడలు లేవు, లెక్కలేనన్ని కేంద్రకాలు జీవద్రవంలో తిరుగుతుంటాయి. మీటరు దాటినా ఒకటే కణం. ప్రయోగశాలలో బ్లేడుతో ఒక ఆకు కోసి చూపించేదాన్ని. కోసినచోట లోపలిది కొద్దిగా చిమ్ముతుంది, చూస్తుండగానే జిగురు గడ్డకట్టి పుండు మూసుకుపోతుంది. కోసిన ముక్క చనిపోదు, దానికదే కొత్త కాలర్పా అవుతుంది. ఒంట్లో కాలర్పెనైన్ అనే విషం ఉండడంతో దాని జోలికొచ్చే జంతువులు తక్కువ. ఇన్ని సుగుణాలున్న మొక్కను తొట్టెలో పెంచడమంటే కొరివితో తల గోక్కోవడమేనని అప్పుడు ఎవరికీ తోచలేదు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో విల్హెల్మా జంతుప్రదర్శనశాలవాళ్లు కాలర్పా టాక్సిఫోలియాలో ఒక రకాన్ని అలంకారం కోసం పెంచారు. ఆ జాతి ఉష్ణమండల సముద్రాలది, మన తూర్పు తీరంలోనూ ఉంది. స్టుట్‌గార్ట్ రకం మాత్రం మామూలు దానికంటే పెద్దగా, దట్టంగా పెరిగేది, చలినీళ్లను తట్టుకునేది. అక్వేరియంలు ఒకరికొకరు మొక్కలు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. అలా అది మొనాకోలోని సముద్రశాస్త్ర మ్యూజియం చేరింది. ఆ మ్యూజియం సరిగ్గా మధ్యధరా సముద్రం అంచున కొండ మీద ఉంటుంది. 1984లో ఆ కొండ కింద నీళ్లలో చదరపు మీటరు మేర పచ్చగా ఒక మచ్చ కనిపించింది. 1989కి హెక్టారు దాటింది. నీస్ విశ్వవిద్యాలయంలో నాచుల ఆచార్యుడు అలెగ్జాండర్ మెనేజ్ గగ్గోలు పెట్టాడు. మ్యూజియం పెద్దలు ఒప్పుకోలేదు, ఎర్రసముద్రం నుంచి సూయజ్ కాలువ గుండా వచ్చి ఉండొచ్చన్నారు, ఇంకో జాతి రూపం మార్చుకుని ఉండొచ్చన్నారు. వాదన సాగుతుంటే నాచు పడవల లంగర్లకు, వలలకు చుట్టుకుని ఫ్రాన్స్ నుంచి స్పెయిన్, ఇటలీ, క్రొయేషియా తీరాలకు చేరింది. అక్కడి సముద్రగడ్డి మైదానాలను కమ్మేసింది. 1998లో డీఎన్ఏ పోల్చి చూస్తే సముద్రంలోదీ అక్వేరియంలదీ ఒకటేనని తేలింది. అప్పటికి మెనేజ్ ఈ గొడవంతా పుస్తకంగా రాసి ఏడాదైంది. 2000 దాటాక చాలా చోట్ల ఆ నాచు దానంతటదే వెనక్కి తగ్గింది. తప్పు ఎవరిదో ఒప్పుకునే లోపలే తగ్గిందన్నమాట.

2000 జూన్‌లో అదే రకం అమెరికాలో, శాన్‌డియాగో దగ్గర కార్ల్స్‌బాడ్ ఊరి ఉప్పుటేరులో బయటపడింది. సముద్రగడ్డిని పరిశీలిస్తున్న డైవర్ల కంటపడింది. ఎవరో ఇంటి తొట్టె కడిగి నీళ్లు కాలువలో పారబోసి ఉంటారని అందరి అనుమానం. ఈసారి ఎవరూ వాదనకు కూర్చోలేదు. మచ్చ మచ్చకీ నల్లటి టార్పాలిన్ కప్పి, కిందికి క్లోరిన్ ఎక్కించారు. 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించారు, అప్పటికి ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. 2001లోనే కాలిఫోర్నియా తొమ్మిది కాలర్పా జాతుల అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది. మా అక్క కూతురు శాన్‌డియాగోలో ఉంటుంది. తనూ నన్ను చూసి తొట్టె మొదలుపెట్టింది. "పిన్నీ, ఇక్కడ షాపులో కాలర్పా అడిగితే నన్ను దొంగను చూసినట్టు చూశాడు" అని ఫోను చేసింది. చూడడా మరి! "నువ్వడిగింది ఆ రాష్ట్రానికి డెబ్బై లక్షల డాలర్లు ఖర్చు పెట్టించిన మొక్కనే తల్లీ" అన్నాను.

నాచుకు మళ్లీ గౌరవం తెచ్చినవాడు వాల్టర్ ఏడీ. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త. కరీబియన్ పగడపు దిబ్బల్లో, రాళ్ల మీద వెంట్రుకల్లా పట్టే పొట్టి నాచులు ఎంత ఆహారం తయారుచేస్తాయో లెక్కగట్టి, ఆ దిబ్బను శుభ్రంగా ఉంచేది అవేనని గ్రహించాడు. 1980లో మ్యూజియంలో పగడపు తొట్టె పెట్టి, దానికి వడపోత యంత్రం బదులు నాచు పట్టే పళ్లెం కట్టాడు. పళ్లెం మీద దీపం, దాని మీదికి ఉండుండి ఒక బకెట్ బోర్లాపడి అలలా నీళ్లు పోస్తుంది. పళ్లెంలో పరిచిన జల్లెడ మీద నాచు దట్టంగా పడుతుంది. చేపల మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియా, నైట్రేటు, ఫాస్ఫేటు అన్నీ దాని ఒంట్లోకి పోతాయి. కొన్నాళ్లకోసారి దాన్ని గీకి పారేస్తే ఆ మురికంతా తొట్టె దాటి బయటకుపోయినట్టే. వారింగ్టన్ నత్త తిని తొట్టెలోనే వదిలింది. ఏడీ గీకి బయట పడేశాడు. తేడా అంతా అక్కడుంది. మొక్క పీల్చుకుంటే సరిపోదు, పీల్చుకున్న మొక్కను కోత కోయాలి.

ఇళ్లలో తొట్టెలవాళ్లకు ఈ పాఠం కాస్త వంకరగా చేరింది. 1986లో ఒక అమెరికన్ పత్రికలో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో బుల్లి పగడపు దిబ్బల మోజు మొదలైంది. ఆ తొట్టెల్లో మొదట కాలర్పాను మామూలుగానే వేసేవారు. కొందరికి అది నరకం చూపించింది. కాలర్పాకు ఒక అలవాటుంది. ఒక రాత్రి అది తన ఒంట్లో ఉన్న సమస్తాన్నీ బీజకణాలుగా మార్చేసి, తెల్లవారుతుండగా నీళ్లలోకి వదిలేస్తుంది. పొద్దున చూస్తే నీళ్లు పచ్చగా పాలు కలిపినట్టు, తీగలు గాజు గొట్టాల్లా ఖాళీ. నెలల తరబడి దాచుకున్న నైట్రేటు ఒక్కసారిగా నీళ్లలో పడుతుంది, ఊపిరాడక చేపలు పైకి తేలతాయి. అందుకని 1990ల నుంచి నాచును తొట్టె కింద అల్మరాలోని వేరే డబ్బాలోకి దింపేశారు. కాలర్పా స్థానంలో కీటోమార్ఫా వచ్చింది. తొట్టెల్లో వేసే రకం పచ్చ నైలాను దారాల ఉండలా ఉంటుంది, దేన్నీ పట్టుకోదు, చెప్పాపెట్టకుండా కరిగిపోవడం అరుదు. పైన దీపం ఆరినప్పుడు కింద దీపం వెలిగిస్తారు. పగలు పగడం, రాత్రి నాచు పనిచేస్తే నీటి ఆమ్లగుణం రాత్రిపూట పెరగదు. కుదురైన ఏర్పాటే గానీ, ఆనా థిన్ డ్రాయింగు రూమ్‌లో పెట్టుకున్నదాన్ని వీళ్లు వంటింటి సింకు కింద పెట్టారని నాకు కోపం.

కీటోమార్ఫాకు మనతో ఒక చుట్టరికం ఉంది. కీటోమార్ఫా ఆంటెన్నినా విశాఖ రాళ్ల మీద అలలు గట్టిగా కొట్టేచోట కుచ్చులు కుచ్చులుగా నిలబడి ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య పెరిగే నాచులను పరిశీలించి రాసిన వ్యాసం 1964లో 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వచ్చింది. మాకు చదువుకునే రోజుల్లో అదొక బైబిలు. ఏ నాచు ఏ మెట్టు మీద, ఎంతసేపు నీళ్లు లేకుండా ఉండగలదు అన్నది తెలిస్తే, తొట్టెలో దాన్ని దీపానికి ఎంత దగ్గర పెట్టాలో, నీళ్ల ధార ఎంత గట్టిగా తగలాలో సగం తెలిసినట్టే. తొట్టెల పుస్తకాలు చెప్పనిది నాకు ఆ వ్యాసమే చెప్పింది.

మన దేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులితో సమానం. ఇంట్లో దిబ్బ పెట్టుకుందామని వాటిని కొనడానికి లేదు, అమ్మడానికి లేదు. నాకు అది లోటుగా అనిపించలేదు. పాడినా అనే నాచును దగ్గరగా చూసినవాళ్లెవరికీ అనిపించదు. విసనకర్రలా విచ్చుకున్న గోధుమరంగు ఆకు, దాని మీద అంచు నుంచి కిందికి వరసగా సుద్ద గీతలు. నిజంగా సుద్దే, నీళ్లలో ఉన్న సున్నాన్ని పీల్చి ఒంటి మీద పూసుకుంటుంది. అంచు లోపలికి చుట్టుకుని ఉంటుంది, పెరుగుదలంతా ఆ చుట్టలోనే. చేప వచ్చి ఆ అంచు కొరికిందంటే ఆ మేర ఆకు అంతటితో ఆగిపోతుంది. హాలిమీడా ఇంకో వింత, నాణేలు గుచ్చినట్టు సున్నపు బిళ్లలు. చచ్చాక తెల్లటి ఇసుకవుతుంది, పగడపు దీవుల ఇసుకలో దాని వాటా చిన్నది కాదు.

ఈ పదేళ్లలో మళ్లీ గాలి తిరిగింది. సన్నటి ఎల్ఈడీ దీపాలు వచ్చాక నీలి వెలుతురు ఎంత కావాలంటే అంత, వేడి లేకుండా ఇవ్వొచ్చు. కిటికీ ఎండలో చచ్చిపోయిన విక్టోరియా కాలపు ఎర్ర నాచులకు కావలసింది సరిగ్గా ఇదే. ఇప్పుడు అమెరికాలో, ఐరోపాలో పగడమే లేకుండా అచ్చంగా నాచులతోనే తొట్టెలు పెడుతున్నారు. మంటలా అంచులు చీలిన హాలిమీనియా, ఎర్ర ద్రాక్షగుత్తుల్లాంటి బోట్రియోక్లాడియా, వెలుతురు పడితే నీలంగా మెరిసే ఆక్టోడిస్. వాటి ధరలు వింటే చీరల షాపు గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. వడపోత యంత్రాలు బాగుపడి నీళ్లు ఎంత శుభ్రంగా తయారయ్యాయంటే, నాచుకు తిండి చాలడం లేదు. రంగు పాలిపోతుంది, కొసలు తెల్లబడతాయి. దశాబ్దాలుగా నైట్రేటు పేరు చెబితే భయపడి నీళ్లు మార్చిన జాతి ఇప్పుడు సీసాలో పొటాషియం నైట్రేటు కొని, చుక్కలు లెక్కపెట్టి తొట్టెలో పోస్తోంది. ఇనుము కూడా. మా అక్క కూతురు మొన్న అదే అడిగింది, "పిన్నీ, నైట్రేటు సున్నా చూపిస్తోంది, గ్రాసిలేరియా నాచు వెలిసిపోతోంది, ఎరువు పొయ్యనా?" అని. పొయ్యమన్నాను, కానీ సాయంత్రం కొద్దికొద్దిగా, నాచు కోత కోసిన మర్నాడు మాత్రం మానెయ్యమన్నాను. కోసిన నాచును కాలువలో పారెయ్యొద్దని, ఫ్రీజరులో గడ్డకట్టించి చెత్తలో వెయ్యమని కూడా చెప్పాను. తనుండేది కార్ల్స్‌బాడ్‌కు అరగంట దూరంలో.